బొకే బాగుంది, మైకే ఎక్కువైంది

మా బిడ్డ పెళ్లికి పెట్టుకున్న ఈవెంట్ వాళ్ల గురించి రాస్తున్నాను. ముందు లెక్క చెప్పేస్తాను. స్టేజీ, చర్చిలో పూలు, కారు అలంకరణ, ఫొటోలు, వీడియో, డీజే, యాంకర్, పెళ్లికూతురి చేతికి ఒక బొకే, విసరడానికి ఇంకో చిన్న బొకే, అన్నీ కలిపి 2,10,000 రూపాయలు. అడ్వాన్సు 60,000, పెళ్లికి వారం ముందు లక్ష, మిగిలిన 50,000 పెళ్లయిన మర్నాడు. అనుకున్నదానికి ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు. రిసెప్షన్లో పెళ్లికూతురు వెనక్కి తిరిగి పూలచెండు విసిరితే వెనక నిలబడ్డ అమ్మాయిలు పట్టుకునే తంతు ఒకటుంది, ఆ విసిరే బొకే ఖరీదు ఇందులో 1,200. నేను రాయబోయేది దాదాపు అంతా దాని గురించే.

ఈవెంట్ వాళ్ల పేరు రాయడం లేదు. హనుమకొండలో ఇద్దరు కుర్రాళ్లు కలిసి నడుపుకుంటున్నారు, మొదలుపెట్టి రెండేళ్లే అయింది. పేరు పెట్టి రాస్తే వాళ్ల పొట్ట మీద కొట్టినట్టవుతుంది. పైగా నేను చెప్పబోయే పొరపాటు వాళ్లొక్కరే చేసేది కాదు, ఈ మధ్య చాలా రిసెప్షన్లలో చూస్తున్నాను. మీరు ఎవరిని మాట్లాడుకున్నా ముందే ఏం అడగాలో తెలుస్తుందని రాస్తున్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో. కాజీపేటలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యాను. మాది ఫాతిమానగర్, క్యాథలిక్ కుటుంబం. ముప్ఫై నాలుగేళ్లు రైలుబండి నడిపినవాడికి రెండు అలవాట్లు పోవు. ప్రతిదానికీ టైము రాసుకోవడం, రూలు తెలియకుండా పనిలోకి దిగకపోవడం. కాబట్టి ఇది కొంచెం పొడుగవుతుంది.

మంచి ముందు చెప్పాలి. జనవరి నెల, పొగమంచు, పొద్దున పదిన్నరకు పెళ్లి పూజ. పూలవాళ్లు 5:40కే చర్చి దగ్గర ఉన్నారు. సరుకు రాత్రికి రాత్రే హైదరాబాదు గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెచ్చారు. బెంచీలకు మేకులు కొట్టొద్దు, టేపు అంటించొద్దు అని ఫాదర్ గారు ముందే చెప్పారు. చాలామంది ఈవెంట్ వాళ్లు సరేనని తలూపి, చివర్లో హడావుడిగా టేపే వేస్తారు. వీళ్లు మాత్రం ప్రతి బెంచీ చివరా రిబ్బనుతోనే కట్టారు. పూజ అయ్యాక వచ్చి రాలిన రేకులు ఊడ్చుకొని పోయారు కూడా. చర్చి ఊడ్చే అమ్మ నాతో ప్రత్యేకంగా చెప్పింది, ఇట్లాంటోళ్లను ఎక్కడ పట్టినవు సారూ అని. స్టేజీ కూడా బాగుంది. థర్మకోల్ హంసలు, మెరిసే ప్లాస్టిక్ ముత్యాలు వద్దన్నాం, పెట్టలేదు. ఫాతిమానగర్ బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అయినా కారు అయిదు నిమిషాలు కూడా లేటు కాలేదు. ఇంతవరకు ఏ వంకా లేదు.

బొకే గురించి. తెల్ల గులాబీలు, లేత గులాబీరంగు కార్నేషన్లు, మధ్యమధ్య పూలవాళ్లు జిప్సీ అనే సన్న తెల్లపూలు. చేతిలో పట్టుకుంటే జారకుండా కాడలకు శాటిన్ గుడ్డ చుట్టారు, ముళ్లు ఒక్కటి కూడా వదలకుండా తీసేశారు. సాయంత్రం దాకా తల వంచలేదు. పెళ్లి పూజ అయ్యాక పెళ్లికూతురు తన బొకేను మరియమాత స్వరూపం ముందు పెట్టి ప్రార్థించుకోవడం మాలో చాలా ఇళ్లలో ఉన్నదే. మా బిడ్డ కూడా పెట్టింది. మరి రాత్రికి విసరడానికి ఏం మిగులుతుంది? అందుకే రెండో బొకే. ఇది మన దగ్గర పుట్టిన ఉపాయం కాదు. ఈ ఆచారం పుట్టిన దేశాల్లో కూడా అసలు బొకేను దాచుకొని, విసరడానికి చిన్నది విడిగా కట్టిస్తారట. చిన్నది కాబట్టి తేలిక, విసిరితే దూరం పోతుంది, ఎవరి ముఖానికి తగిలినా దెబ్బ కాదు. కట్టించేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. లోపల నీళ్లు పీల్చే స్పాంజి, ఇనుప తీగ లేకుండా, ఉత్త కాడలు దారంతో కట్టమని చెప్పాలి. స్పాంజి ఉంటే ఇటుక విసిరినట్టే.

ఈ బొకే టాస్, అదే విసరడం, మాట మొదట ఎత్తింది మా బిడ్డే. హైదరాబాదులో తన ఫ్రెండ్ పెళ్లిలో చూసిందట, భలే సరదాగా ఉంది డాడీ అంది. ఆడపిల్ల అడిగింది, పూలే కదా, కాదనడానికేముంది. ఈవెంట్ కుర్రాడిని ఎవరెవరు నిలబడాలి అని అడిగాను. "సింపుల్ అంకుల్, అన్‌మ్యారీడ్ గర్ల్స్ అందరినీ స్టేజీ కిందికి పిలుస్తాం. వెనక్కి తిరిగి విసురుతుంది. పట్టుకున్నవాళ్లకు నెక్స్ట్ పెళ్లి. ఫైవ్ మినిట్స్ పని" అన్నాడు. నాకు కూడా సింపులే అనిపించింది. ఆ రాత్రి అతిథుల లిస్టు ముందేసుకొని కూర్చున్నాకే సింపుల్ కాదని తెలిసింది.

మా అన్న మనవరాలికి నిశ్చయం అయిపోయింది, మేలో లగ్గం. ఆమె పెళ్లి కానిదా, అయినదాని కిందికి వస్తుందా? పెళ్లికొడుకు మేనత్త కూతురు ఒకామె ఉంది, 38 ఏళ్లు, కాలేజీలో పాఠాలు చెబుతుంది, పెళ్లి మాట ఎత్తితే లేచి వెళ్లిపోతుందని వియ్యపురాలు ముందే చెప్పింది. ఆమెను పిలవాలా, పిలవకుండా వదిలేస్తే ఇంకా తప్పా? విడాకులు తీసుకున్న అమ్మాయి ఒకతి, మా బిడ్డతో ఆఫీసులో పనిచేస్తుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలు పది మంది. పెళ్లికాని ఆడవాళ్లు అంటే, ఆ మాటకొస్తే, ముందు వరుసలో కూర్చునే కాన్వెంట్ సిస్టర్స్ అయిదుగురూ ఆ లెక్కలోకే వస్తారు. ఇది చెబితే మా ఇంటామె అన్నం గిన్నె కింద పెట్టి మరీ నవ్వింది. చివరి పేరు మా చెల్లె. ఆమె భర్త పోయి పదకొండేళ్లు. ఆ పేరు దగ్గర పెన్ను పెట్టాను, ఏమీ రాయకుండానే లిస్టు మడిచేశాను.

రూలు చూద్దామని మా బిడ్డ ల్యాప్‌టాపులో రెండు మూడు రాత్రులు చదివాను. మా ఉద్యోగంలో జనరల్ రూల్స్ పుస్తకం అని ఒకటి ఉంటుంది, ఏ సిగ్నల్ దగ్గర ఏం చేయాలో అందులో రాసి ఉంటుంది. పూలచెండు విసరడానికి అట్లాంటి పుస్తకం ఏమీ లేదు. ఇంగ్లండ్, ఫ్రాన్స్ వైపు ఒక కథ చెప్పుకుంటారు. పాతకాలంలో పెళ్లికూతురి అదృష్టం తమకూ అంటాలని జనం మీదపడి ఆమె గౌను ముక్కలు పీక్కునేవారట. ఆ పీకులాట తప్పించుకోవడానికి ఆమె పూలు అటు విసిరి ఇటు తప్పుకునేదట. ఆ కథలో పూల వెంట పరుగెత్తినవాళ్లకు పెళ్లయిందా కాలేదా అని ఎవరూ అడిగినట్టు లేదు, అదృష్టం అందరికీ కావాలి కదా. పెళ్లికాని అమ్మాయిలు మాత్రమే నిలబడాలి, పట్టుకున్న పిల్లకు తర్వాత పెళ్లి అన్నది ఇప్పుడు నడుస్తున్న నమ్మకం. ఆ దేశాల్లోనే ఇప్పుడు దీని మీద బోలెడు వాదన. నిశ్చయమైనవాళ్లు నిలబడవచ్చని కొందరు, అనవసరం అని కొందరు. భర్త పోయినవాళ్లు, విడిపోయినవాళ్లు కూడా ఒంటరివాళ్లే కదా, ఇష్టమైతే వస్తారు, వాళ్లను ఆపడానికి మీరెవరు అని కొందరు. ఒంటరివాళ్లందరినీ నలుగురిలో వరుసగా నిలబెట్టడమే బాగుండదు, ఈ తంతే తీసేయండి అని ఇంకొందరు. తీసేసినవాళ్లు దాని బదులు ఒకటి చేస్తారట. పెళ్లయిన జంటలందరినీ డాన్సుకు పిలిచి, ఏడాది లోపువాళ్లు తప్పుకోండి, అయిదేళ్ల లోపువాళ్లు తప్పుకోండి అని చెబుతూ పోతారు. చివరికి మిగిలిన ముసలి జంటకు బొకే ఇస్తారు. ఇది నాకు నచ్చింది. కానీ మా అన్నా వదినెలకు పెళ్లయి 46 ఏళ్లు. వాళ్లను డాన్సుకు పిలిస్తే మా అన్న ఇంటికి బయల్దేరతాడు.

దీనికి జోడీగా మగవాళ్లకు కూడా ఒకటుంది. పెళ్లికొడుకు పెళ్లికూతురి కాలికి కట్టిన పట్టీ లాంటి ఎలాస్టిక్ రిబ్బను తీసి, పెళ్లికాని మగపిల్లల మీదికి విసురుతాడట. ఈవెంట్ వాళ్ల ప్యాకేజీ కాగితంలో అది కూడా ఉంది, 800 రూపాయలు. కొట్టేయించాను. ముందు వరుసలో అయిదుగురు సిస్టర్స్, పక్కన మా పెద్దమ్మ కూర్చొని ఉంటే ఆ పని చేయించే ధైర్యం నాకు లేదు.

చదివినవాటిలో నాకు బాగా పట్టుకున్నది ఇంకొకటి. ఇంగ్లండ్ రాజుల ఇళ్లలో అసలు బొకే విసరరు. 1923 ఏప్రిల్ 26న, తర్వాతి కాలంలో రాణి అయిన ఎలిజబెత్ బోస్ లయన్ (రెండో ఎలిజబెత్ రాణికి తల్లి) పెళ్లికని లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ అబే చర్చిలోకి నడిచి వెళ్తూ, అక్కడ మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన, పేరు తెలియని సైనికుడి సమాధి మీద తన బొకే పెట్టేసింది. ఆమె అన్న ఒకతను ఆ యుద్ధంలోనే 1915లో చనిపోయాడు. ఆ తర్వాత ఆ ఇంటి పెళ్లికూతుళ్లు తమ బొకేను ఆ సమాధికి పంపడం ఆనవాయితీ అయింది. 2011లో యువరాజు విలియంను పెళ్లాడిన కేట్ మిడిల్టన్ బొకే కూడా అక్కడికే వెళ్లింది. పోయినవాళ్లను గుర్తు చేసుకోవడానికి పెళ్లిపూలు పెట్టారంటే, వాళ్లు పెళ్లిలో చావు మాట వస్తే భయపడలేదన్నమాట. మనం భయపడతాం.

ఇక రిసెప్షన్ రాత్రి. హాలు హనుమకొండ, కాజీపేట నడుమ మెయిన్ రోడ్డు మీద. యాంకర్ కుర్రాడికి 24, 25 ఏళ్లుంటాయి. గొంతు బాగుంది, హుషారు ఉంది, అతన్ని చెడ్డవాడని నేనను. 8:50కి డీజే ఆపి మైకందుకున్నాడు. "పెళ్లికాని అమ్మాయిలందరూ కమాన్, కమాన్! పెళ్లి చేసుకోవాలని లేదా? అమ్మానాన్నల టెన్షన్ తగ్గించాలని లేదా?" అని మొదలుపెట్టాడు. పిల్లలు ఎగురుకుంటూ వచ్చారు. పెద్ద అమ్మాయిలు ఒకరినొకరు తోసుకుంటూ వచ్చారు. విడాకులు తీసుకున్న అమ్మాయి రాలేదు, ఫోను చూసుకుంటూ కూర్చుంది. ఆమె తెలివైనది. పెళ్లికొడుకు ఫ్రెండ్స్ ఎవరో యాంకర్ చెవిలో ఏదో చెప్పారు. అతను ఆ లెక్చరర్ అమ్మాయిని మైకులో పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి హాలంతా చప్పట్లు. ఆమె వచ్చి నిలబడింది. చేతులు కట్టుకొని, డాక్టరు దగ్గర సూది కోసం నిలబడ్డట్టు.

మా చెల్లె ఎట్లా వెళ్లిందో చెప్పాలి. ఎవరూ పిలవలేదు. ఆమె బిడ్డకు 19, డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల తల్లి చెయ్యి పట్టుకొని "రామ్మా, నాకొక్కదానికి సిగ్గు" అని లాగింది. మా చెల్లె స్టాఫ్ నర్సు, వారం నుంచి డ్యూటీ, ఇక్కడ పెళ్లిపని, రెండూ మోస్తోంది. నవ్వుకుంటూ వెళ్లి చివర్న నిలబడింది. అక్కడ నిలబడ్డ పదిహేను మందిలో ఆమె మెరూన్ చీర నాకు ఇప్పటికీ కనపడుతుంది.

యాంకర్ చూశాడు. "మేడమ్, మేడమ్! ఓన్లీ సింగిల్స్ మేడమ్! మీ పాపను వదిలేసి మీరు ఇటు వచ్చేయండి. మీది అయిపోయింది కదా!" అన్నాడు. మైకులో. డీజేవాడు టింగుమని ఒక సౌండ్ వేశాడు. కొందరు నవ్వారు. నవ్వినవాళ్లలో మావాళ్లూ ఉన్నారు, ఎవరిని ఉద్దేశించి అన్నాడో వాళ్లకూ తెలియలేదు. ఆమె చెయ్యి ఊపి, సరే సరే అన్నట్టు నవ్వి వచ్చేసింది. నేనప్పుడు భోజనాల దగ్గర బగారన్నం తగ్గుతోందంటే చూడ్డానికి వెళ్తున్నాను. విన్నాను. ఆగాను. మళ్లీ నడిచాను.

తర్వాత జరిగింది నవ్వొచ్చే సంగతే. మొదటి విసురు స్టేజీ పైనుంచి వేలాడదీసిన పూలతాళ్లలో చిక్కుకుంది, కర్రతో తీశారు. ఇది అనుభవం లేకపోవడమే. విసిరేచోట నెత్తి మీద ఏ వేలాడే అలంకరణా ఉండకూడదు, ఫ్యాను అసలే తిరగకూడదు. రెండో విసురు మా తమ్ముడి మనవడికి దొరికింది, తొమ్మిదేళ్లు. వాడు గెలిచానని ఎగురుతుంటే యాంకర్ "నో బాయ్స్!" అని వాడి చేతిలోంచి తీసుకున్నాడు. పిల్లవాడు ఏడుపు. వీడియో అబ్బాయి, యాంగిల్ సరిగ్గా రాలేదు, ఇంకోసారి అన్నాడు. మూడోది వెళ్లి ఆ లెక్చరర్ అమ్మాయి పాదాల ముందు పడింది. ఆమె వంగలేదు. మా అన్న మనవరాలు ఎగబడి తీసుకుంది. ఆమెకు మేలో పెళ్లి ఎటూ ఖాయమే, మా నమ్మకానికి ఢోకా లేదు. మొత్తం 17 నిమిషాలు పట్టింది, చెప్పిన అయిదు కాదు.

మర్నాడు పొద్దున మిగిలిన 50,000 తీసుకోవడానికి ఈవెంట్ కుర్రాడు ఫోన్ చేశాడు. అప్పుడు పట్టుకున్నాను. "ఆమెను లేపమని నీకెవడు చెప్పిండు? ఆమెది అయిపోయిందని నీకెట్ల తెలుసు?" అని గొంతు పెంచాను. అతను భయపడి, "సారీ అంకుల్, అన్ని పెళ్లిళ్లకూ అదే స్క్రిప్టు అంకుల్, ఆంటీకి పెద్ద అమ్మాయి ఉంది కదా అని..." అంటున్నాడు. నేనింకా తిడుతున్నాను. పెళ్లప్పుడు అబ్బాయి, అమ్మాయి చెప్పుకునే మాటే చావు వేరు చేసేదాకా అని కదరా, మా చెల్లెను చావే వేరు చేసింది, చర్చి లెక్కలో కూడా ఆమెకు మళ్లీ పెళ్లికి అడ్డు లేదు, నీ లెక్కేంది అని. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం చివర పెళ్లి నోటీసు నమూనా ఒకటుంది. అందులో ఉదాహరణకు చూపించిన పెళ్లికొడుకే భార్య పోయిన వడ్రంగి. అది కూడా చెప్పబోయాను. చదువుకున్నది ఎక్కడో అక్కడ వాడాలి కదా.

మా ఇంటామె వాకిట్లో చాపలు దులుపుతోంది. దులపడం ఆపకుండానే అంది, "మొన్న నలుగుకు మీరు పిలిచిన్రా ఆమెను?"

పెళ్లికి ముందు రోజు సాయంత్రం నలుగు. మేం క్రైస్తవులమైనా నలుగు మానలేదు. ముందు ప్రార్థన, తర్వాత పుస్తె ఉన్న ఆడవాళ్లు అయిదుగురు మొదట పెడతారు, తర్వాత మిగతావాళ్లు. సున్నిపిండి కలిపింది మా చెల్లె. గిన్నె తెచ్చి పీట పక్కన పెట్టింది, వెనక్కి తిరిగి వంటింట్లోకి పోయి ఛాయ్ పెట్టింది. ఆమెను ఎవరూ పొమ్మనలేదు. అక్కడ మైకు లేదు, టింగుమనే సౌండు లేదు. మా బావమరిది ఒకాయన ఉన్నాడు, భార్య పోయి ఆరేళ్లు. ఆయన దర్జాగా వచ్చి బిడ్డ బుగ్గకు రాసి, అక్షింతలు వేసి, ఫొటో దిగి పోయాడు. ఆయన్ని చూసి ఎవరికీ ఏమీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు. మా పక్కింటివాళ్లు హిందువులు. వాళ్లింట్లో ఒడిబియ్యం పోసేటప్పుడు వాళ్ల పెద్దమ్మ తలుపు చాటున నిలబడితే, ఏం మనుషులురా అనుకున్నవాణ్ని నేనే.

ఫోన్లో కుర్రాడు "అంకుల్, లైన్లో ఉన్నారా" అంటున్నాడు. డబ్బులు సాయంత్రం వచ్చి తీసుకొమ్మని చెప్పి పెట్టేశాను.

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. యాంకర్‌ను కూడా వెంటబెట్టుకొచ్చారు, ఇది నేననుకోలేదు. మా చెల్లె అప్పుడు ఇంట్లోనే ఉంది, అద్దె పాత్రలు లెక్కపెడుతోంది. యాంకర్ వెళ్లి సారీ అక్కా అన్నాడు. ఆమె 42 గిన్నెలు అని గట్టిగా చెప్పి, నాతో రాసుకో అన్నా అని, తర్వాత అతనివైపు తిరిగింది. "నాకు పెళ్లి మీద ఆశ పుట్టి నిలవడలే తమ్మీ. పూలు వస్తుంటే పట్టుకుందామనిపించింది, గంతే. నువ్వు దగ్గరికొచ్చి మెల్లగ చెప్తే నేనే పోదును. మైకుల చెప్పినవు చూడు, గది బాగలే." అంతకంటే ఒక్క మాట ఎక్కువ లేదు. వాళ్లకు ఛాయ్ ఇచ్చింది. నేను అంతకు ముందే 5,000 తగ్గించి ఇస్తానని మనసులో అనుకొని ఉన్నాను. నలుగు సంగతి గుర్తొచ్చి మొత్తం ఇచ్చేశాను.

అయిదు రోజులకు హైలైట్ వీడియో పంపారు. పాటకు తగ్గట్టు బాగా కోశారు. కానీ మా చెల్లె వెనక్కి వచ్చే ముక్క అందులో ఉంది, స్లో మోషన్‌లో, కింద నవ్వుతున్న బొమ్మతో. ఎడిటింగ్ చేసే అబ్బాయికి ఈ గొడవేమీ తెలియదట. చెప్పిన రెండో రోజుకు తీసేసి కొత్త కాపీ పంపారు, అదనంగా డబ్బు అడగలేదు. పాత కాపీ అప్పటికే బంధువుల గ్రూపుల్లో తిరిగింది. అందుకని ఇంకో మాట. హైలైట్ వీడియోను ముందు ఇంట్లో ఒక్కరికే పంపమనండి, వాళ్లు చూసి సరే అన్నాకే మిగతావాళ్లకు.

మా అన్న మనవరాలి పెళ్లి మేలో, ఈవెంట్ పని మళ్లీ వీళ్లకే ఇప్పించాను. బండి ఎక్కే ముందు మాకు కాషన్ ఆర్డర్ అని ఒక కాగితం ఇచ్చేవారు, ఏ కిలోమీటరు దగ్గర వేగం తగ్గించాలో అందులో ఉంటుంది. అట్లాంటిదే ఒకటి యాంకర్‌కు రాసిచ్చాను. పెళ్లికూతురిని వారం ముందే అడగాలి, అసలు ఆమెకు విసరాలని ఉందా, ఎవరిని పిలవాలనుకుంటోంది అని. ఈ విషయంలో ఆమె మాటే మాట, నాది కాదు, వియ్యంకులది కాదు. పిలుపులో పెళ్లికాని, అయిన, సింగిల్ అన్న మాటలే రాకూడదు. "పూలు పట్టుకోవాలని ఉన్నవాళ్లు రండి" అంటే చాలు. మైకులో ఎవరి పేరూ రాకూడదు, ఎవరినీ లాక్కురాకూడదు. వచ్చినవాళ్లను, ఎవరైనా సరే, వెనక్కి పంపకూడదు. చిన్నపిల్లల కాళ్లు తొక్కుతారు కాబట్టి వాళ్లకు ముందుగానే విడి పూలు పంచి, ముందుకు కూర్చోబెట్టాలి. మగపిల్లవాడు పట్టుకుంటే వాడిదే. మూడుసార్లు విసరడం ఉండదు, వీడియోకు యాంగిల్ దొరక్కపోతే అది వీడియో అబ్బాయి బాధ.

సిస్టర్స్ గురించి ఏమీ రాయలేదు. వాళ్లలో పెద్ద సిస్టర్ ఆ రాత్రే నాతో అన్నారు, చిన్నప్పుడు కేరళలో తాను బాస్కెట్‌బాల్ ఆడేదాన్నని, పిలిచి ఉంటే ఆ మూడు విసుర్లూ తానే పట్టేదాన్నని. మేలో పిలుస్తాం.

నలుగు సంగతి కూడా మాట్లాడాం. మా అన్న ఒప్పుకున్నాడు, వదినె ఇంకా ఒప్పుకోలేదు. చూడాలి.

మార్కులు: చర్చి పూలకు, బొకేకు అయిదుకు అయిదు. స్టేజీకి నాలుగున్నర, వేలాడే పూలతాళ్ల వల్ల అర తగ్గించాను. టైముకు అయిదు. వీడియోకు నాలుగు. యాంకర్‌కు రెండు, ఇంటికి వచ్చినందుకు ఇంకో ఒకటి. యాంకర్ వద్దంటే ప్యాకేజీలో 8,000 తగ్గిస్తారు, కానీ వాళ్లంతట వాళ్లు చెప్పరు, మీరే అడగాలి.